నెట్ సెంటర్ అన్న

మండల కేంద్రంలో బస్టాండు ఎదురుగా ఆయన కొట్టు. బోర్డు మీద జిరాక్స్ మొదలుకొని పాన్ కార్డు దాకా అన్నీ రాయించి, ఇంకా చోటు మిగిలిందని ‘అన్ని రకాల ఆన్‌లైన్ అప్లికేషన్లు చేయబడును’ అని కూడా రాయించాడు. సొంత పేరు మాత్రం కరెంటు బిల్లు మీదే మిగిలింది. ఊళ్లో నిరుద్యోగులందరికీ ఆయన ‘నెట్ సెంటర్ అన్న’. వాళ్ల నాన్నలకు కూడా అన్నే.

కొలువు వెతికి పెట్టడానికి సర్కారు చేసిన ఏర్పాట్లు తక్కువేం కాదు. ఒకప్పుడు ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీలో పేరు రాయించుకుని, గడువు దాటకుండా కార్డు రెన్యువల్ చేయించుకుంటూ, కాల్ లెటర్ కోసం పోస్ట్‌మాన్ దారి కాసేవాళ్లు. 2015 జూలైలో నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్ వచ్చింది. తెలంగాణకైతే ‘డీట్’ అనే సొంత పోర్టల్ కూడా ఉంది. ఇంట్లో కూర్చుని, ఫోన్లోనే, ఉచితంగా చేసుకోమన్నారు. కుర్రాడు ఇంట్లో కాసేపు కూర్చుని, లేచి, తిన్నగా అన్న దగ్గరికి వస్తాడు.

కారణం కేబీలు. బ్యాంకు పరీక్షల అప్లికేషన్లో ఫొటో 20 నుంచి 50 కేబీలుండాలి, సంతకం 10 నుంచి 20. పైగా ఎడమ బొటనవేలి ముద్ర, ఇంగ్లీషులో చేత్తో రాసిన డిక్లరేషన్. దాన్ని కాపిటల్ అక్షరాల్లో రాస్తే చెల్లదు. ల్యాప్‌టాపూ, స్కానరూ, నిలకడైన నెట్టూ ఉన్నవాడికే ఇవన్నీ ఇంట్లో కుదురుతాయి. అవన్నీ కొనుక్కున్నవాడికి చాలామటుకు ఉద్యోగం కూడా ఉంటుంది.

అన్నకు ఊరి చరిత్రంతా తెలుసు. తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ వన్ టైమ్ రిజిస్ట్రేషన్, అదే ఓటీఆర్‌లో ఒకటి నుంచి ఏడో తరగతి దాకా ఎక్కడ చదివావో చెప్పాలి, ఏ జిల్లాకు లోకలో తేలేది దాన్నిబట్టే. కుర్రాళ్లు అక్కడికక్కడే ఇంటికి ఫోన్ చేస్తారు. “అమ్మా, మూడో తరగతి నేనేడ చదివిన?” అమ్మ ఆలోచించేలోపే అన్న అందుకుంటాడు: “మీ మామోళ్ల ఊర్ల రా. బోనఫైడ్ పోయినేడు నేనే స్కాన్ చేసిన.”

గిరాకీకి కొదవ లేదు. 2019లో రైల్వే ఎన్టీపీసీకి పోస్టులు 35 వేల చిల్లర, అప్లికేషన్లు కోటీ పాతిక లక్షలు. 2022 డిసెంబర్లో వచ్చిన తెలంగాణ గ్రూప్-4కు ఎనిమిది వేల పైచిలుకు పోస్టులుంటే తొమ్మిదిన్నర లక్షల మంది దరఖాస్తు పెట్టారు. అందులో సగం మందైనా ఆఖరి రోజు రాత్రే వచ్చారని అన్న నమ్మకం. ఆ రాత్రి సర్వర్ మొరాయిస్తే తిట్లు ఢిల్లీకీ హైదరాబాదుకూ చేరవు, కౌంటర్ దగ్గరే ఆగిపోతాయి. అన్న మాత్రం చాయ్ తాగుతూ, “రిఫ్రెష్ కొట్టకుర్రి, పైసలు రెండుసార్లు కట్ అయితయి” అని ధైర్యం చెబుతాడు.

ఆయనలో ఒక్కటే లోపం, అదీ మంచితనంతో వచ్చిందే. జీమెయిల్ లేనివాడికి తనదే ఇస్తాడు. ఫోన్లో రీచార్జి అయిపోయినవాడికి తన నంబరే కొడతాడు. పాస్‌వర్డు అందరికీ ఒకే తీరు: పేరు, ఆ పక్కన 123. దాంతో ఊళ్లో సగం మంది భవిష్యత్తు ఆయన జేబులోనే టింగుమంటూ ఉంటుంది. ఆయన మరదలి పెళ్లికి పోయిన రోజు నలుగురికి హాల్ టికెట్లు రాలేదు. పందిట్లోంచే ఓటీపీలు చదివాడు. తలంబ్రాల వేళ ఆరంకెలు వినబడి పురోహితుడు మంత్రం ఆపేశాడు.

నేషనల్ కెరీర్ సర్వీస్‌లో ఉద్యోగార్థులు పేరు నమోదు చేసుకోవడానికి ఫీజు లేదు. అనుమానమొస్తే 1514కు ఫోన్ చేయొచ్చు. అన్నకు టైపింగ్ డబ్బులు ఇవ్వండి, అది ఆయన కష్టార్జితం. ఫోన్ నంబరు మాత్రం మీదే ఇవ్వండి. పాస్‌వర్డు మీ నోట్‌బుక్కులోనే రాసుకోండి.