రాయల్ గెజిట్ స్తవం

అయ్యా జేమ్స్ రివింగ్టన్ గారూ,

లోకానికి కృతజ్ఞత లేదు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధకాలంలో, బ్రిటిష్ సేనల చేతిలో ఉన్న న్యూయార్కులో, వారానికి రెండుసార్లు రాజభక్తిని అచ్చువేసి పంచిన తమర్ని పట్టుకుని అబద్ధాలరాయుడన్నది. తమరి ‘రాయల్ గెజిట్’ను అబద్ధాల గెజిట్ అని వెక్కిరించింది. ఆ మచ్చ తుడిచి తమరి గుణగణాలు కీర్తించడానికే ఈ చిన్న స్తవం.

మొదట తమరి నిష్పక్షపాతం. యుద్ధానికి ముందు నడిపిన పత్రిక మీద, ఇది ఎవరి ఒత్తిడికీ లొంగని ముద్రణాలయమని తమరే వేసుకున్నారు. 1775లో న్యూజెర్సీలో కొందరు తమరి దిష్టిబొమ్మను ఉరితీస్తే, వెరవకుండా ఆ బొమ్మనే చెక్కించి పత్రికలో అచ్చువేశారు. అదే ఏడాది నవంబరులో తిరుగుబాటుదారుడు ఐజాక్ సియర్స్ గుంపు వచ్చి యంత్రాన్ని పాడుచేసి, సీసపు అక్షరాలు ఎత్తుకుపోయింది. తమరు ఓడెక్కి ఇంగ్లండు వెళ్లి, 1777లో రాజుగారి ముద్రాపకుడిగా జీతంతో తిరిగొచ్చారు. ఒత్తిడికి లొంగనన్న మాట పోలేదు. ఒత్తిడి పెట్టే శ్రమ ఎవరికీ లేకుండా చేశారు, అంతే.

రెండోది తమరి దయ. ఇల్లూ పొలమూ వదిలి రాజుగారి నీడ కోసం వచ్చినవాళ్లలో చాలామంది, న్యూయార్కులో 1776 నాటి అగ్నిప్రమాదానికి కాలిన పేటల్లో మొండిగోడల మీద పాత తెరచాపలు కప్పుకుని బతుకుతున్నారు. వాళ్లకు కావలసింది ఇళ్లు. తమరి దగ్గర ఇళ్లు లేవు కనుక విజయాలు ఇచ్చారు. తిరుగుబాటు రేపో మాపో కూలుతుందన్నారు. తిరుగుబాటుదారుల కాంగ్రెస్ అచ్చేసిన డబ్బు చిత్తుకాగితమైపోతోందన్నారు. వీటిలో రెండోది నిజమే. ఎంత జాగ్రత్తగల పత్రికలోనైనా అలాంటివి దొర్లుతుంటాయి.

మూడోది తమరి విశాలహృదయం. తిరుగుబాటుదారుల దగ్గర్నుంచి పారిపోయి వచ్చిన నల్లజాతి బానిసలకు రక్షణ ఉంటుందని బ్రిటిష్ సేనాధిపతి సర్ హెన్రీ క్లింటన్ 1779 జూన్ 30న ప్రకటిస్తే, దాన్ని అచ్చువేశారు. రాజభక్తులైన యజమానుల బానిసలు పారిపోతే, పట్టిచ్చినవారికి బహుమతి అంటూ వచ్చిన ప్రకటనలూ అచ్చువేశారు. స్వేచ్ఛకూ సంకెలకూ ఒకే పత్రికలో చోటు! పైగా ఈస్ట్ నదికి ఆవలి ఒడ్డున, వాలబౌట్ అఖాతంలో, ‘జెర్సీ’ లాంటి బ్రిటిష్ చెర ఓడలు నిలిచి ఉన్నాయి. వాటిలో ఆకలికీ జ్వరాలకూ పోయిన బందీలు 11,000 మందికి పైనే అని అంచనా. ఇవతలి ఒడ్డున దొరలు వేసే నాటకాలకూ, సీమ నుంచి దిగిన సరుకులకూ తమరి పత్రికలో ప్రకటనలు. నది వెడల్పు ఎంతో తమరికి తెలిసినంతగా ఏ సర్వేయరుకూ తెలియదు.

ఇక తమరి సాహిత్య సేవ. బ్రిటిష్ సేనలోని మేజర్ జాన్ ఆండ్రే శత్రు సేనాని ఆంథొనీ వేన్‌ను ‘కౌ చేస్’ అనే పద్యకథలో పశువులు తోలేవాడిగా వెక్కిరించి, ఆ వేన్ తనను పట్టుకుంటాడేమోనన్న చమత్కారంతో ముగించాడు. ఆ చివరి భాగం తమరి పత్రికలో వచ్చింది 1780 సెప్టెంబరు 23న. టారీటౌన్ దగ్గర, మేజోళ్లలో వెస్ట్ పాయింట్ కోట కాగితాలతో ఆండ్రే దొరికిపోయిందీ ఆ రోజే. గూఢచారి అని అక్టోబరు 2న ఉరితీశారు. తమరు అచ్చువేసిన జోస్యాల్లో ఫలించడానికి ఇంత దగ్గరగా వచ్చింది ఇదొక్కటే. అదీ హాస్యానికి రాసింది.

1781 అక్టోబరు 19న యార్క్‌టౌన్‌లో బ్రిటిష్ సేనాని కారన్‌వాలీస్ లొంగిపోయాడు. తమర్ని నమ్మిన పాఠకులు అప్పటిదాకా గెలుస్తూనే ఉన్నారు. 1783లో న్యూయార్కు రేవు నుంచి సుమారు 30,000 మంది రాజభక్తులు ఓడలెక్కారు, ఎక్కువమంది నోవా స్కోషియా చలిలోకి. తమరు మాత్రం కదలలేదు. నవంబరు 25న తిరుగుబాటు సేనాని వాషింగ్టన్ ఊళ్లోకి వచ్చేసరికి పత్రిక పేరులో ‘రాయల్’ లేదు, తలమీద రాజచిహ్నం లేదు. ఏ ఎండకా గొడుగు పట్టేవారని కొందరంటారు. తప్పు. బ్రిటిష్ నౌకాదళ సంకేతాల పుస్తకం వాషింగ్టన్ సేనకు చేరవేసిందీ తమరేనని ఆ సేనలోని అలెన్ మెక్‌లేన్ రాసిపెట్టాడు. చాలామంది చరిత్రకారులు నమ్ముతున్నారు కూడా. అంటే తమరు ఎండ మారాక గొడుగు తిప్పలేదు. రెండు గొడుగులూ ముందే తెచ్చుకున్నారు.

పత్రిక ఆ డిసెంబరు 31తో ఆగింది. తర్వాత అప్పులు తమర్ని జైలుకు పంపాయి. 1802లో కన్నుమూయడానికి కూడా తమరు జులై 4నే ఎంచుకున్నారు, ఆ రోజు ఊరంతా జెండాలే కదా. మన్‌హాటన్‌లో ఇప్పటికీ తమరి పేరుతో ఒక వీధి ఉంది.

ఫలశ్రుతి: ఈ స్తవాన్ని నిత్యం పఠించే సంపాదకుడికి ఏలినవారి జీతమూ, ఏలినవారు మారితే కొత్తవారి క్షమా, చివరికొక వీధీ సిద్ధిస్తాయి. అతని పత్రికను నమ్మి చదివినవారికి మాత్రం ఓడలో చోటు దొరుకుతుంది.