ఎవరెస్టుకు ఎసరు పెట్టిన బొమ్మ

1924 ఎవరెస్ట్ యాత్రను సినిమా తీసే హక్కుల కోసం కెప్టెన్ జాన్ నోయెల్ ఏకంగా 8,000 పౌండ్లు కుమ్మరించాడు. రోంగ్‌బుక్ హిమానీనదం దాటించి, సుమారు 22,000 అడుగుల ఎత్తున కెమెరా నిలబెట్టాడు. ఆ గుండె ధైర్యానికి మాత్రం దండం పెట్టాల్సిందే.

తీరా చూస్తే శిఖరానికి బయలుదేరిన హీరోలు మాలరీ, ఇర్విన్ జూన్ 8న మబ్బుల్లో మాయమయ్యారు. క్లైమాక్సే లేదు!

అయితేనేం, పబ్లిసిటీ ఉందిగా. ఏడుగురు టిబెట్ లామాలను లండన్‌కు తోలుకొచ్చి, స్కాలా థియేటర్లో బొమ్మకు ముందు స్టేజీ మీద ఆడించాడు. తెర మీదేమో పిల్లాడి తలలో పేలు ఏరి నోట్లో వేసుకునే టిబెటన్ షాటు! లాసాలోని టిబెట్ ప్రభుత్వం భగ్గుమంది. అనుమతి లేనిచోట సర్వే చేసిన యాత్ర బృంద సభ్యుడొకడి నిర్వాకమూ దానికి తోడైంది లెండి.

1933 దాకా ఎవరెస్ట్ దారి బంద్. కొండ ఎక్కాల్సిన దొరలు అన్నాళ్లూ ఇంట్లోనే చలి కాచుకున్నారు.