మగదుడ్డె విషయంలో వినగూడని సలహాలు

"మగదుడ్డెకు పాలెందుకు, దండగ." మేడ్చల్, శామీర్‌పేట వైపు కొట్టాల్లో ఈ మాట కొత్త కాదు. అయితే 1977 చట్టంతో ఆవు వధ నిషేధం కాబట్టి మన దగ్గర పెద్దకూరకు ఎక్కువగా దున్నలు, బర్రెలే ఆధారం. పట్నానికి పాలు పోసే రైతుకు ప్రతి లీటరూ లెక్కే, కాదనను. కానీ కడుపు మాడ్చి పెంచిన దుడ్డెను ఏడాది తర్వాత చూసి "జాతి మంచిది కాదు" అనడం అన్యాయం.

"మాయ పడేదాకా ముర్రుపాలు తాపొద్దు." అన్నిటికన్నా చేటు చేసే సలహా ఇది. బర్రె ఒంట్లోని రోగనిరోధక శక్తి కడుపులో ఉన్న పిల్లకు చేరదు, ముర్రుపాల ద్వారానే అందాలి. దాన్ని పీల్చుకునే గుణం దుడ్డె పేగులకు తొలి గంటల్లోనే ఎక్కువ. రోజు గడిస్తే దాదాపు ఉండదు. పుట్టిన గంట, రెండు గంటల్లోనే మొదలుపెట్టి, తొలిరోజు ఒంటి బరువులో పదో వంతైనా తాపాలి. అంటే 30 కిలోల దుడ్డెకు 3 లీటర్లు. పైగా దుడ్డె పొదుగు చీకితే మాయ పడటానికీ సాయమే.

"ముర్రా సూది వేయించినం, అదే పెరుగుతది." మాంసపు పశువుల మందలో దూడకూ దూడకూ బరువులో కనిపించే తేడాల్లో వంశం వాటా మామూలుగా 20 నుంచి 40 శాతం. మిగతాది మేత, రోగం, కొట్టం, తల్లి పాలు. పాలిచ్చే గుణం తల్లికి వంశంగా వచ్చినా దుడ్డెకు ఆ పాలు మేత కిందే లెక్క. అవన్నీ క్యానులోకి పోతే ముర్రా రక్తం ఏం చేయగలదు?

రక్తమొక్కటే చాలదనడానికి ఒంగోలునే చూడండి. ఆ పశువులే బ్రెజిల్‌లో నెలోర్ పేరుతో మాంసానికి పేరుమోశాయి. 1960ల తొలినాళ్లలో వెళ్లిన కరవది అనే ఆబోతు సంతతి అక్కడ విస్తరించింది. రక్తం ఇక్కడిదే. విశాలమైన గడ్డిబీళ్లు, దూడల్ని తూచి ఆబోతుల్ని ఎంచే పద్ధతి అక్కడివి. మనం ఎద్దును నాగలికి, బండికి ఎంచుకున్నాం, బరువుకు కాదు.

"నట్టల మందు మేత మొదలయ్యాక." అప్పటికే ఆలస్యం. ఏలికపాముల పిల్లలు తల్లి పాలలోనే వస్తాయి. రెండో వారంలోనే పశువైద్యుణ్ని అడిగి మందు తాపండి. అప్పటినుంచే గుప్పెడు దాణా, లేత గడ్డి ముందు పెట్టండి.

"కంటితో చూస్తే తెలుస్తది, తూకమెందుకు?" తూకం లేకుంటే ఛాతీ చుట్టుకొలత టేపుతో నెలనెలా రాసుకోండి. మాంసంపై పనిచేసే జాతీయ పరిశోధన సంస్థ మన జిల్లాలోనే, చెంగిచెర్లలో ఉంది. పెంపకం గురించి అక్కడ అడగండి. ఒకే ఆబోతుకు పుట్టిన దుడ్డెలు పక్క కొట్టంలో ఏపుగా పెరిగి మీ దగ్గర పెరగకపోతే, విత్తనం మార్చే ముందు మీ కొట్టంలో పాలు, మందు, మేత సరిగా అందుతున్నాయో చూసుకోండి.