మా రోజుల్లో ఎవరి వంతు వాళ్లకుండేది

ఈ కాలం పిల్లలకు ప్రతి జబ్బుకీ ఒకటే మందు: రీట్రై. సెన్సర్ పంపిన ప్యాకెట్టు డేటా పోగుచేసే గేట్‌వేకి అందలేదా, మళ్లీ పంపు. అప్పుడూ అందలేదా, ఇంకోసారి పంపు. బ్యాటరీ అయిపోతోందా, పెద్ద బ్యాటరీ పెట్టు. అదీ చాలకపోతే పైన సోలార్ ప్యానెల్ బిగించు. అసలు ఎందుకు అందలేదురా అని అడిగితే "రేడియో కదా సార్, అలాగే ఉంటుంది" అంటారు. రేడియో ఊరికే అలా ఉండదు నాయనా. చాలాసార్లు ఇద్దరు ఒకేసారి మాట్లాడితేనే అలా ఉంటుంది.

మా రోజుల్లో గాలిలో మాట్లాడటానికి ఒక పద్ధతి ఉండేది. గోదావరి వెంట వరద కొలిచే స్టేషన్ల వాళ్లు నీటిమట్టం వైర్‌లెస్ సెట్లో చెప్పేవాళ్లు. కంట్రోల్ రూమ్ పేరు పెట్టి పిలిచేదాకా ఎవరూ బటన్ నొక్కకూడదు. పిలవగానే స్టేషన్ పేరు, టైము, మట్టం చెప్పి, "ఓవర్" అని వదిలేయాలి. మధ్యలో ఎవరైనా దూరితే పడే చీవాట్లు ఆ ఛానెల్‌లో ఉన్న అందరికీ వినపడేవి. ఆ భయంతోనైనా మనిషి తన వంతు కోసం ఆగేవాడు. ఇప్పటి సెన్సర్‌కి ఆ భయమూ లేదు, దాన్ని ప్రోగ్రాం చేసినవాడికి ఆ ఓపికా లేదు.

వంతు లేకుండా మాట్లాడితే ఏమవుతుందో 1970ల మొదట్లోనే లెక్క తేలింది. హవాయి యూనివర్సిటీలో నార్మన్ అబ్రామ్సన్ బృందం 1971లో అలోహానెట్ నడిపింది. ఎవరికి తోచినప్పుడు వాళ్లు పంపడం, అందకపోతే కాసేపాగి మళ్లీ పంపడం, అంతే దాని పద్ధతి. అలా నడిస్తే ఛానెల్ కాలంలో పనికొచ్చేది మహా అయితే 18.4 శాతం. అందరూ గడియారం గీత మీదే మొదలుపెట్టాలని నియమం పెడితే అది రెట్టింపై 36.8 అవుతుంది. మిగతాదంతా వృథానో, మౌనమో. యాభై ఏళ్ల తర్వాత మా శిష్యులు లోరావాన్ రేడియో అని కొత్త డబ్బా తెచ్చి గర్వంగా చూపించారు. మూత తీసి చూస్తే లోపల కూర్చున్నది ఆ అలోహానే.

నేను ఇంజనీరింగ్ కాలేజీలో కమ్యూనికేషన్స్ చెప్పినవాణ్ని. 2000ల మొదట్లో మోట్లు అనే చిన్న సెన్సర్ బోర్డులు వచ్చినప్పటి సంబరం నాకు బాగా గుర్తు. 2002లో బర్క్‌లీ వాళ్లు అమెరికా మెయిన్ తీరంలోని గ్రేట్ డక్ ఐలండ్‌లో సముద్రపక్షుల బొరియల్లో వాటిని పెట్టారు. తర్వాత కొన్నేళ్లకు బెంగళూరు ఐఐఎస్‌సీ, స్విట్జర్లాండ్ ఈపీఎఫ్ఎల్ కలిసి, మన మడకశిరకు పొరుగునే ఉన్న పావగడ తాలూకా చెన్నకేశవపురలో వర్షాధార రైతుల కోసం ఇలాంటి నెట్‌వర్కే వేశాయి. అప్పట్లో ప్రతి మిల్లీఆంపియర్‌నీ లెక్కపెట్టేవాళ్లం. ఆ తరంలో బాగా వాడిన సీసీ2420 రేడియో చిప్ పూర్తి బలంతో పంపేటప్పుడు 17.4 మిల్లీఆంపియర్లు లాగుతుంది. ఊరికే చెవి ఒగ్గి వింటూ కూర్చుంటే 18.8. అంటే మాట్లాడటం కంటే వినడమే ఖరీదు. రెండు పెన్సిల్ సెల్లు 2500 మిల్లీఆంపియర్ అవర్లు ఇస్తాయనుకుంటే, చెవి మూయని సెన్సర్ నోడు అయిదారు రోజుల్లో చచ్చి ఊరుకుంటుంది. నూటికి ఒక్క వంతు కాలమే మేలుకొంటే అవే సెల్లతో ఏడాది దాటుతుంది. ఎప్పుడు మేలుకోవాలో దానికి తెలియాలంటే ఎవరి వంతు ఎప్పుడో ముందే రాసి ఉండాలి.

రాయడం ఎలాగంటారా? తెల్ల కాగితం, రంగు పెన్సిళ్ల డబ్బా. ప్రతి నోడుకీ ఒక సున్నా. ఒకరి మాట ఒకరికి వినపడితే రెండు సున్నాల మధ్య గీత. గీత ఉన్నవాళ్లకు ఒకే రంగు వేయకూడదు. రంగు అంటే వంతు: ఎరుపు మొదటి స్లాటు, నీలం రెండోది, ఆకుపచ్చ మూడోది. ఇంతవరకు చెబితే ఇప్పటి కుర్రాళ్లు కూడా తలూపుతారు. అసలు తిరకాసు దీని తర్వాతే వస్తుంది.

కాలవ గట్టు వెంట క, ఖ, గ, ఘ అని నాలుగు నోడ్లు వరుసగా ఉన్నాయనుకోండి. పక్కవాడి మాటే ఎవరికైనా వినపడుతుంది. క, గ ఒకరికొకరు వినపడరు. క చెవి పెట్టి వింటే నిశ్శబ్దం, గ వింటే నిశ్శబ్దం. ఇద్దరూ దారి ఖాళీ అనుకుని ఒకేసారి మొదలుపెడతారు. మధ్యలో ఖకి రెండూ కలిసిపోయి గోలే మిగులుతుంది. "పంపే ముందు విని పంపుతుంది సార్" అని మాడ్యూల్ అమ్మేవాడు చెప్పే గొప్ప ఇక్కడ పనికిరాదు. అందుకే కాగితం మీద రెండో రకం గీత గీసేవాళ్లం: నేరుగా వినపడకపోయినా, ఇద్దరికీ ఉమ్మడి పొరుగువాడు ఉంటే అదీ తగాదాయే. ఇప్పుడు క ఎరుపు, ఖ నీలం, గ ఆకుపచ్చ, మళ్లీ ఘ ఎరుపు. కాలవ ఎంత పొడుగున్నా మూడు రంగులే. క, ఘ ఒకేసారి మాట్లాడినా ఎవరి మాటా చెడదు. మాట అర్థం కానంత దూరంలో ఉన్నవాడు కూడా పక్కవాడి మాట చెడగొట్టగలడు కాబట్టి, అనుమానం ఉన్నచోట ఇంకో గీత గీసి నాలుగో రంగు వాడేవాళ్లం. పెన్సిలు ముక్కే కదా పోయేది.

రంగులు వేస్తే సరిపోదు, వాటి వరుస కూడా చూడాలి. గేట్‌వే క పక్కన ఉందనుకోండి. గ ముందు, తర్వాత ఖ, ఆ తర్వాత క మాట్లాడితే ప్యాకెట్టు స్లాటుకొక అడుగు చొప్పున గేట్‌వే వైపు నడుస్తుంది. అదే పైన వేసినట్టు క ముందు, గ చివర అయితే ప్రతి అడుగుకీ రెండు స్లాట్లు. మూడు రంగులప్పుడు ఆలస్యం రెట్టింపే, పది రంగులప్పుడు తొమ్మిది రెట్లు. తగాదా ఒక్కటీ లేదు, సాఫ్ట్‌వేర్ పచ్చలైటు చూపిస్తూనే ఉంటుంది, డేటా మాత్రం తీరిగ్గా వస్తుంది. ఇలాంటి నెట్‌వర్కులు ఇప్పుడూ చూస్తున్నాను. అడిగితే సర్వర్ స్లో అంటారు.

ఈ మధ్య ఒక అబ్బాయి నా దగ్గర ఇదంతా విని, ఫోన్‌లో ఏదో వెతికి, "నాలుగు రంగులు చాలట కదా సార్" అన్నాడు. నా తల ప్రాణం తోకకొచ్చింది. ఆ నాలుగు రంగుల మాట మ్యాపులకు సంబంధించినది. 1852లో ఫ్రాన్సిస్ గుత్రీ ఇంగ్లండ్ కౌంటీలకు రంగులేస్తూ అడిగిన ప్రశ్న అది. 1976లో ఆపెల్, హాకెన్ కంప్యూటర్ సాయంతో రుజువు చేశారు. పొలంలో రేడియోలు మ్యాపు సరిహద్దులకు లోబడవు. అయిదుగురు ఒకరికొకరు వినపడుతుంటే అయిదు రంగులు కావలసిందే, యాభైమంది అయితే యాభై.

అతి తక్కువ రంగులు ఎన్నో కచ్చితంగా కనుక్కోవడం కష్టమని 1972లోనే రిచర్డ్ కార్ప్ తన కఠిన సమస్యల జాబితాలో చేర్చాడు. అంతమాత్రాన చేతులెత్తేయలేదు మేము. 1967లో వెల్ష్, పావెల్ చెప్పిన చిట్కా ఉంది: ఎక్కువ తగాదాలున్నవాడితో మొదలుపెట్టి, ప్రతివాడికీ వీలైన మొదటి రంగు వేసుకుంటూ పో. ఎవరికీ పన్నెండుకి మించి తగాదాలు లేకపోతే పదమూడు రంగుల్లో పని ముగుస్తుంది. దానికి కంప్యూటర్ కూడా అక్కర్లేదు.

ఇక ఇప్పటి ముచ్చట. మామిడి తోటలో తేమ సెన్సర్లు వేసిన ఒక కుర్ర కంపెనీ వాళ్లు, డేటా సగం రావట్లేదని పిలిచారు. వెళ్లి చూస్తే ప్రతి డబ్బాలోనూ మంచి గడియారం. అన్నీ సరిగ్గా గంట కొట్టగానే పంపేలా రాశారు. తోటంతటికీ ఒకే రంగు వేశారన్నమాట! అంత ఖరీదైన గడియారాలు పెట్టి, అన్నీ ఒకే క్షణాన అరిచేలా చేయడానికి ఎంత చదువు కావాలో. చెబితే వెంటనే సరిదిద్దారు, కాదనను. ఎలాగంటే "రాండమ్ డిలే పెట్టాం సార్!" మళ్లీ అలోహానే.

పోనీ లెక్క వేద్దాం. ఒకే ఛానెల్‌లో, ఒకే వేగంతో, ప్యాకెట్టుకి సెకను పట్టే వంద డబ్బాలు పది నిమిషాలకొకసారి ఎవరికి తోచినప్పుడు వాళ్లు పంపితే, నూటికి 72 ఢీకొనకుండా అందుతాయి. మూడు వందల డబ్బాలైతే 37. అప్పుడు రీట్రైలు మొదలై గాలి ఇంకా నిండుతుంది. గేట్‌వే అందరికీ అందిందని జవాబిస్తూ కూర్చుంటే, ఆ కాసేపు దానికి చెవులు పనిచేయవు. అదే మూడు వందల డబ్బాలకూ రెండేసి సెకన్ల వంతు ఇస్తే సరిగ్గా పది నిమిషాలు. ఒక్కటీ ఢీకొనదు. మామూలు క్రిస్టల్ గంటకు 70 మిల్లీసెకన్లు అటూ ఇటూ జారుతుంది, అంతే. గంటకొకసారి గడియారం సరిచేస్తే చాలు. పది డబ్బాలు గంటకొకసారి పంపే చోట ఈ శ్రమ అక్కర్లేదని నేనూ ఒప్పుకుంటాను. కానీ పది డబ్బాలతో మొదలైనది పదితో ఆగడం నేను చూడలేదు.

ఇప్పుడు మంచి పనిముట్లు లేవని కాదు, ఉన్నాయి. అదే నా బాధ. నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు 2006లో డ్రాండ్ అనే పద్ధతి ప్రచురించారు. నోడ్లు తమలో తామే మాట్లాడుకుని రంగులు వేసుకుంటాయి. ఒకడు పొరుగువాళ్లని అనుమతి అడుగుతాడు, అందరూ సరేనంటే రెండడుగుల లోపల ఎవరూ వాడని మొదటి స్లాటు తీసుకుని ఆ సంగతి చాటుతాడు, లేకపోతే తగ్గి మళ్లీ ప్రయత్నిస్తాడు. పెన్సిలు డబ్బా కూడా అక్కర్లేదు. 2012లో 802.15.4ఈ రేడియో ప్రమాణంలో టీఎస్‌సీహెచ్ అనే వంతుల పద్ధతి వచ్చింది. స్లాటు మామూలుగా 10 మిల్లీసెకన్లు, 2.4 గిగాహెర్ట్జ్‌లో 16 ఛానెళ్లు, గడియారాలు వాటంతటవే సర్దుకుంటాయి. మాకు అవి ఉండి ఉంటే! మరి వీళ్లేం చేస్తున్నారు? సాఫ్ట్‌వేర్‌తో వచ్చిన కనీస షెడ్యూలు మార్చకుండా అలాగే వదిలేస్తున్నారు. అందులో అందరికీ కలిపి ఉన్నది ఒక్కటే ఉమ్మడి స్లాటు, అందులో నడిచేది గడియారం గీతల మీద మొదలయ్యే ఆ పాత అలోహా. ట్రాక్టరు కొని దానికి ఎడ్లు కట్టినట్టుంది వ్యవహారం.

మా రోజుల్లో అన్నీ బంగారమేనని అనను. కాగితం మీది రంగులు కాగితం మీదే ఉండేవి. ఆకులోని నీరు 2.4 గిగాహెర్ట్జ్ అలల్ని మింగేస్తుంది, కాబట్టి విత్తిన నెలలో గీసిన గీతలు పైరు ఎదిగాక నిజం కావు. ఒక నోడు చస్తే దారి మారేది, దారి మారితే రంగులు మారేవి. గేట్‌వే పక్కనున్న నోడు అందరి భారం మోస్తుంది కాబట్టి దానికి ఒక వంతు చాలదు, నాలుగైదు కావాలి. గేట్‌వే ఒక ఛానెల్‌లో ఒకసారి ఒకరి మాటే వినగలదు. వంద ప్యాకెట్లు రావాలంటే వంద స్లాట్లు కావలసిందే, ఎంత తెలివిగా రంగులేసినా. ఇవన్నీ ముందే తెలియాలంటే ఆ సున్నాలు, గీతల గ్రాఫు గీసి ఉండాలి. గీయనివాడికి తన నెట్‌వర్కులో ఏం చెడిందో కూడా తెలియదు.

కాబట్టి బాబూ, తోటలో స్తంభాలు పాతే ముందు ఒక్క సాయంత్రం కాగితం ముందు కూర్చోండి. ఎవరి మాట ఎవరికి వినపడుతుందో కొలిచి గీయండి. ఎవరు ఎవరిని చెడగొడతారో రెండో గీతతో గుర్తు పెట్టండి. గేట్‌వే వైపు నడిచే వరుసలో వంతులు వేయండి. పైరు ఎదిగాక మళ్లీ కొలవండి. ఇంత చేశాక కూడా ప్యాకెట్లు పోతే అప్పుడు రేడియోని తిట్టండి, నేనూ మీతో కలుస్తాను. అప్పటిదాకా తప్పు రేడియోది కాదు, వంతు రాయనివాడిది.