ఏలూరు కప్పకి మూడు ఇంటిపేర్లు

తొలకరి పడి కాలవలకి నీళ్ళొదిలారంటే చాలు, మా గోదావరి జిల్లాల ఫోన్లలో ఏటా ఒకే వీడియో తిరుగుతుంది. చేనుగట్టు పక్కన నిలిచిన నీళ్ళలో నిమ్మపండు రంగు కప్పలు, గొంతుకి రెండు పక్కలా నీలం బుడగలు, ఒకటే గోల. ఇవి మన దేశపు కప్పలు కావంటాడు ఒకాయన. ముట్టుకుంటే చేతులు పడిపోతాయంటాడు ఇంకొకాయన. వీరబ్రహ్మంగారు ఎప్పుడో చెప్పారంటాడు మూడో ఆయన. ఆయన చెప్పనిది ఈ భూమ్మీద ఏదీ మిగల్లేదు కనక కాదనే ధైర్యం ఎవరికీ ఉండదు.

ఆయ్, అవి మన బోదురు కప్పలేనండి. మొన్నటిదాకా అదే గట్టు కింద బురద రంగులో కూర్చున్నవే. వాన పడ్డాక మగవి పసుపు రంగు తిరుగుతాయి, ఆడవాటిని పిలుస్తాయి, పనయ్యాక మళ్ళీ పాత రంగులోకి దిగిపోతాయి. జాతి మారలేదు, ఊరు మారలేదు. సీజనొచ్చింది, అంతే. ఈ మాట మా వైపు రాజకీయ నాయకులకి ఏ శాస్త్రవేత్తా వచ్చి చెప్పక్కర్లేదు.

అయితే రంగు చూసి జాతి తేల్చేసే ఈ విద్యకి వాట్సాప్ పెద్దమనుషుల్ని మాత్రమే తిట్టడం అన్యాయం. వాళ్ళ గురువులు యూరప్‌లో పెద్ద పెద్ద మ్యూజియంలలో జీతాలు పుచ్చుకునేవారు.

ఆఫ్రికాలో రెల్లు కప్పలని ఉన్నాయి. బొటనవేలంత ప్రాణి. ఒక చెరువులో చారలు, ఇంకో చెరువులో చుక్కలు, నాలుగు రోజులు నడిచి వెళితే పాలరాయి మీద సిరా ఒలికినట్టు మరకలు. 1841లో పారిస్ పండితులు డుమెరిల్, బిబ్రాన్ ఒకదానికి హైపెరోలియస్ విరిడిఫ్లావస్ అని పేరు పెట్టారు. ఏడాది తిరక్కుండానే నాటాల్ కప్పకి మార్మొరేటస్ అని ఇంకో పేరు పడింది. అక్కణ్ణుంచి మొదలైందండి జాతర. ప్రతి చుక్కకీ ఒక జాతి, ప్రతి చారకీ ఒక ఉపజాతి. బెర్లిన్ మ్యూజియంలో ఎర్న్‌స్ట్ ఆల్ అనే ఆయన 1931లో లావుపాటి గ్రంథం వేశాడు. సీసాల్లో నానుతున్న కప్పల్ని వెలుతురుకి పట్టి చూసి, కొత్త పేర్లు పెట్టుకుంటూ పోయాడు. చిక్కేమిటంటే, స్పిరిట్‌లో పడ్డ కప్పకి రంగు నిలవదు. బతికుండగా ఎలా ఉండేదో తెలియని కప్పకి, మిగిలిన మచ్చల్ని బట్టి జాతకం రాయడం మామూలు మనుషులకి సాధ్యమయ్యే పని కాదు. ఆయన పెట్టిన పేర్లలో చాలావాటిని తర్వాతివాళ్ళు పాత పేర్ల కిందకి తోసేశారు. ఒకడు నామకరణాలు చేసి వెళితే, పదిమంది కూర్చుని వాటిని కొట్టేస్తూ ఉద్యోగాలు వెళ్ళదీశారు.

ఇంతకీ ఆ కప్ప చేసే పనులు చూడండి. పిల్లలుగా ఉన్నప్పుడు ఆడా మగా అన్నీ ఒకటే సాదా బట్టల్లో తిరుగుతాయి. ఈడొచ్చాక ఆడవి రంగులు తొడుక్కుంటాయి. మగవాటిలో కొన్ని తొడుక్కుంటాయి, కొన్ని చిన్ననాటి బట్టల్లోనే జన్మంతా వెళ్ళదీస్తాయి. అంటే ఒకే చెరువులో, ఒకే తల్లి పిల్లలు, రెండు వేషాలు. ఎండాకాలం ముదిరితే వీటిలో కొన్ని సున్నం కొట్టినట్టు తెల్లబడి వేడిని తిప్పికొడతాయి. ఇది చాలదన్నట్టు, 1989లో గ్రాఫె, లిన్సెన్‌మైర్ అనే పరిశోధకులు తాము పెంచుతున్న ఆడకప్పలు కొన్ని మగవైపోయాయని రాశారు. కొత్త జాతి కనిపెట్టానని మురిసిపోతూ ఒకాయన పేరు పెట్టింది దేనికయ్యా అంటే, పక్క సీసాలో ఉన్న కప్పగారి అప్పకి!

డెన్మార్క్ నుంచి ఆర్నె షియోట్స్ అని ఒకాయన వచ్చి, ముందు ఈ రెండు వేషాల సంగతి తేల్చండి బాబూ అన్నాడు. 1971లో మొత్తం గుంపుని అటు కలపకుండా ఇటు విడదీయకుండా 'మహాజాతి' అన్నాడు. మన పార్టీలవాళ్ళు కూటమి అంటారు చూడండి, అలాగ. విడవమంటే పాముకి కోపం, కరవమంటే కప్పకి కోపం అన్న సామెత కప్పల పండితుల్ని చూసే పుట్టిందేమోనని నా అనుమానం. కలిపేవాళ్ళ కూటానికీ విడదీసేవాళ్ళ కూటానికీ నూరేళ్ళ పైబడి పగ. 2001లో డీఎన్ఏ లెక్కలు తీసినవాళ్ళు, మీరు ఒక్కటేనంటున్న దాంట్లో చాలా జాతులున్నాయన్నారు. రంగు రెండు వైపులా అబద్ధం ఆడిందన్నమాట. ఒక్కదాన్ని పదిగా చూపించింది, పదింటిని ఒక్కటిగా చూపించింది.

ఆఫ్రికా దాకా ఎందుకు, మా ఏలూరు రండి.

1872లో ఫెర్డినాండ్ స్టోలిచ్కా అనే ఆయన, మొరావియాలో పుట్టి మన దేశంలో జియలాజికల్ సర్వేలో కుదురుకున్నవాడు, ఏలూరు నుంచి వచ్చిన ఒక మచ్చల కప్పకి కల్లులా వేరిగేటా అని పేరు పెట్టాడు. శాస్త్రీయ నామం మన తెలుగు పేరు వరసలోనే ఉంటుందండి, ఇంటిపేరు ముందు, పెట్టినపేరు వెనక. కల్లులా ఇంటిపేరు, వేరిగేటా పిల్ల పేరు. పేరు పెట్టిన రెండేళ్ళకే స్టోలిచ్కా లదాఖ్ కొండల్లో ప్రాణం విడిచాడు. కప్ప మటుకు ఏలూరులో నిక్షేపంగా ఉంది.

1925లో మైసూరు రాజ్యంలో సి.ఆర్. నారాయణరావు, రామన్న అనే ఇద్దరు చెదపుట్టల్లో కాపరం చేస్తున్న ఒక కప్పని చూసి, ఇది కొత్తదని రామనెల్లా అనే కొత్త ఇంటిపేరు కట్టారు. తీరా చూస్తే అది ఏలూరు కప్పే! అయినా కట్టిన ఇల్లు బాగానే ఉంది కదాని ఏలూరు కప్పని అందులోకి మార్చారు. తొంభై ఏళ్ళు కాపరం చేశాక, 2016లో డీఎన్ఏవాళ్ళొచ్చి ఆ ఇల్లు కూల్చి కప్పని యూపెరోడాన్ వారింటికి పంపించారు. ఆ ఇంటిపేరు లాటిన్ లెక్కలో పుంలింగమట. అందుకని వేరిగేటా కాస్తా వేరిగేటస్ అయింది. ఆఫ్రికాలో ఆడకప్పలు తమంతట తాము చేసుకున్న పనిని ఏలూరు కప్పకి వ్యాకరణం చేసిపెట్టింది. చెదపుట్టలో కూర్చున్న కప్పకి ఈ శుభవార్త ఎవరైనా చేరవేశారా అని అడక్కండి.

నవ్వొస్తోందా? నవ్వేముందు ఏలూరు సంగతి కూడా వినండి. 1859లో గోదావరి జిల్లా అన్నారు. 1904లో కృష్ణా జిల్లాలో కలిపారు. 1925లో పశ్చిమ గోదావరి అన్నారు. 2022 ఏప్రిల్ 4న ఏలూరే ఒక జిల్లా అన్నారు. కప్ప మూడిళ్ళు మారితే ఊరు నాలుగు జిల్లాలు మారింది. ఊరూ కదల్లేదు, కప్పా కదల్లేదు. పక్కన రాజమండ్రి 2015లో రాజమహేంద్రవరం అయింది. టికెట్టు తీయబోతే రైల్వే కోడ్ మాత్రం ఆర్జేవైయే.

ఒక్క తేడా ఉంది. కప్పల పేర్లు మార్చేవాళ్ళకి ఒక రూల్ పుస్తకం ఉంది. 1758 నాటి లినేయస్ గ్రంథం దగ్గర లెక్క మొదలు. ముందు పెట్టిన పేరుదే హక్కు. మంత్రిగారి బావమరిది పెట్టినా సరే, వెనకొచ్చిన పేరు చెల్లదు. మార్చితే ఆ సంగతి అచ్చులో వేయాలి, పదిమంది తిట్టడానికి వీలుగా. అన్నిటికన్నా నాకు నచ్చింది బ్రాకెట్ల రూలు. కప్పని ఒక ఇంటిపేరు నుంచి ఇంకో ఇంటిపేరుకి మారిస్తే, మొదట పేరు పెట్టినవాడి పేరు బ్రాకెట్లలో రాయాలి. ఏలూరు కప్ప పక్కన ఇవాళ్టికీ స్టోలిచ్కా, 1872 అని బ్రాకెట్లలో ఉంటుంది. చూసినవాడికి వెంటనే తెలిసిపోతుంది, ఇది పుట్టిన ఇంట్లో లేదు, గోడ దూకించారు అని.

ఈ రూల్ పుస్తకం వల్ల మేలు జరిగిన సందర్భాలూ లేకపోలేదు. మా వరిచేలల్లో ఊడ్పులప్పుడు కాళ్ళకింద ఎగిరే చిన్న కప్ప ఉంటుంది. నూరేళ్ళకి పైగా దానికి రానా లిమ్నోకారిస్ అనే పేరు నడిచింది. ఆ పేరు 1829లో జావా కప్పకి పెట్టింది. నిజానికి నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన జెర్డాన్ 1853లోనే మన కప్పకి రానా అగ్రికోలా, అంటే వ్యవసాయదారు కప్ప, అని పేరు రాసి పెట్టాడు. సొంత పట్టా బీరువాలో మూలుగుతుండగా పరాయి పేరు మీద సాగు. ఈమధ్యనే పాత కాగితాలు తిరగేసినవాళ్ళు పట్టా బయటికి తీసి దాని పేరు దానికిచ్చారు. ఇప్పుడది మినర్వార్యా అగ్రికోలా. నూటఅరవై ఏళ్ళు పట్టినా కప్పకి కాగితం చేతికొచ్చింది. అదే చేలో అదే బురదలో నిలబడిన కౌలురైతు, కౌలు కార్డు కోసం భూయజమాని సంతకం కావాలని ఇంకా తిరుగుతున్నాడు.

మన చదువుల సంగతి సరే సరి. డొడాన్ 1802లో పేరు పెట్టిన బోదురు కప్పని తరాల తరబడి బైపీసీ పిల్లలు రానా టైగ్రినా అని రికార్డులో రాసి, మార్కులు వేయించుకుని డాక్టర్లయ్యారు. ఫ్రెంచి పండితుడు డుబ్వా 1992లోనే దాన్ని హోప్లోబట్రాకస్ ఇంటికి పంపించినా మన గైడ్లకి ఆ కబురు అందడానికి చాలా ఏళ్ళు పట్టింది. దాని కాళ్ళు విదేశాలకి ఎగుమతి చేసినవాళ్ళకి మటుకు ఏ పేరూ అక్కర్లేకపోయింది, 1987లో సర్కారు నిషేధించేదాకా. వానలు పడకపోతే కప్పలకి పెళ్ళి చేస్తారు చూడండి, ఆ పురోహితుడూ అంతే. గోత్రం అడుగుతాడు గాని జాతి అడగడు. వధువు అనుకున్నది కూడా మగదేనేమో, ఇద్దరివీ వేరే ఇంటిపేర్లేనేమో. వాన పడకపోతే తప్పు మేఘానిది.

ఇక అసలు రంగుల పండితుల దగ్గరికి వద్దాం. 2019 తర్వాత మన పంచాయతీ ఆఫీసులకి ఆకుపచ్చ, నీలం, తెలుపు పూశారు. ఇవి అధికార పార్టీ జెండా రంగులు కాదా అని జనం కోర్టుకెళ్ళారు. 2020 మార్చిలో హైకోర్టు తీసేయమంది. అప్పుడు సర్కారువారు ఏం చేశారో గుర్తుందా? వాటికి ఎర్రమట్టి రంగు ఒకటి చేర్చి, ఇది వేరే అన్నారు. ఆకుపచ్చ పంటలకట, నీలం చేపల చెరువులకట, తెలుపు పాలకట, ఎరుపు నేలతల్లికట. జీవో కూడా ఇచ్చారు. బెర్లిన్ ఆల్ గారు బతికుంటే ఆనందబాష్పాలు రాల్చేవాడు. ఒక్క చార ఎక్కువుంటే కొత్త జాతి! 2020 జూన్‌లో సుప్రీంకోర్టు ఆ జాతిని గుర్తించలేదు. అంతకు ముందు అన్న క్యాంటీన్లు పసుపు, 2024 తర్వాత మళ్ళీ పసుపు. గోడకి రంగు మారినప్పుడల్లా ఊరంతా కొత్త రాజ్యం వచ్చిందని టపాకాయలు కాలుస్తుంది. లోపలికి వెళ్ళి చూస్తే అదే గుమాస్తా, అదే ఫైలు, అదే 'సోమవారం రండి'.

కండువాల సంగతీ అంతే. ఎన్నికల తొలకరి పడగానే మనవాళ్ళు తిరిగే రంగులు చూస్తే రెల్లు కప్పకి సిగ్గేస్తుంది. అది కనీసం ఈడొచ్చాకో ఎండ ముదిరాకో మారుతుంది. కప్పల తక్కెడ అని మన పెద్దలు ఊరికే అన్లేదు. ఇటు రెండు వేస్తే అటు నాలుగు దూకుతాయి. తూచేవాడికి బరువు ఎప్పటికీ తేలదు, తూకం వేయించుకున్న వాడికి మాత్రం ఎప్పుడూ లాభమే.

అందుకని నావి రెండు ప్రతిపాదనలు. ఒకటి, బ్రాకెట్ల రూలుని బ్యాలెట్‌కి కూడా పెట్టండి. గోడ దూకిన ప్రతి అభ్యర్థి పేరు పక్కనా, పుట్టిన పార్టీ పేరూ ఏడాదీ బ్రాకెట్లలో అచ్చు వేయాలి. కొంతమందికి బ్రాకెట్లో బ్రాకెట్టు అవసరమవుతుంది. ఆ ఏర్పాటు ప్రెస్సువాళ్ళు చూసుకుంటారు.

రెండోది ఇంకా ముఖ్యం. కొత్త జాతి ప్రకటించాలంటే ఒక కప్పని సీసాలో పెట్టి మ్యూజియంకి అప్పగించాలి. దాన్ని టైప్ అంటారు. రేపు ఎవడికి అనుమానమొచ్చినా వెళ్ళి ఆ సీసాతో పోల్చి చూసుకోవచ్చు. చీటీ మీద దొరికిన ఊరు, తేదీ, పట్టినవాడి పేరు రాస్తారు. శాస్త్రవేత్త తన పుస్తకంలో రెండు గడులు నింపుతాడు: బతికుండగా రంగు, స్పిరిట్‌లో రంగు. మన నాయకులు కూడా నామినేషన్ రోజున ఒక్కో సీసా చొప్పున రిటర్నింగ్ ఆఫీసరుకి అప్పగించాలి. సీసాలో ఏం పెట్టాలన్నది వాళ్ళిష్టం, కండువా అయినా సరే, మాట అయినా సరే, మనిషే దిగుతానంటే మరీ మంచిది. 'బతికుండగా రంగు' అన్న గడికి ఎన్ని అదనపు కాగితాలు కుట్టాలో ఎన్నికల సంఘం తేల్చుకోవాలి. స్పిరిట్ ఎక్కణ్ణుంచి తేవాలన్న బెంగ మటుకు ఎవరికీ అక్కర్లేదండి. పోలింగుకి రెండు రోజుల ముందు అది దానంతటదే కేసులకి కేసులు మా ఊళ్ళలోకి దిగుతుంది.