రావ్‌జీ సర్కారు

2024 జులై కేంద్ర బడ్జెట్ మర్నాడు పొద్దున్న ఝార్ఖండ్‌లోని మా ఆదిత్యపూర్‌లో టీ కొట్టాయన నా దగ్గర డబ్బులు పుచ్చుకోలేదు. "మీ ఆంధ్రాకి పదిహేను వేల కోట్లు కొట్టేశారు కదా రావ్‌జీ, నా పది రూపాయలెందుకు!" అన్నాడు. ఇక్కడ తెలుగువాడి పేరేదైనా రావ్‌జీయే.

ప్రపంచబ్యాంకులాంటి వాళ్ల దగ్గర ఇప్పిస్తామన్నారే తప్ప, ఆ డబ్బు నిర్మలమ్మ కొంగున కట్టుకొచ్చింది కాదు బాబూ, తీర్చేదెవరో కూడా ఇంకా తేలలేదు అన్నాను. పక్కనే ఉన్న లేతు మిషన్ల సేఠ్ ఊరుకుంటేనా! "అయితే అందులో ఝార్ఖండ్ వాటా ఏదీ?" అన్నాడు. అప్పులో వాటా అడిగినవాణ్ణి నేను చూడటం ఇదే మొదలు. తీసుకో నాయనా, వడ్డీతో సహా తీసుకో!

ఇంటికొచ్చేసరికి శ్రీకాకుళం నుంచి బావమరిది ఫోను. "బావా, మీ బీహారోళ్లు రోడ్లకే 26 వేల కోట్లు ఎగరేసుకుపోయారు చూశావా?" ఒరే, మేము బీహారు నుంచి విడిపోయింది 2000లోనే! "ఏదో ఒకటిలే, అటేపేగా" అన్నాడు. ఒక్కపూటలో నేను ఇక్కడ ఆంధ్రా దొంగని, అక్కడ బీహారీ దొంగని. మధ్యలో నా జేబులో ఉన్నది టీకి పోని పది రూపాయలు.

బీజేపీ 240కి తెలుగుదేశం 16, జేడీయూ 12 కలిపి ఈ సర్కారు ఎన్నాళ్లో చెప్పే లెక్కల మాస్టర్లు ప్రతి వీధిలోనూ ఉన్నారు. మన శ్రీకాకుళం కుర్రాడు విమానాల మంత్రి అయ్యాడు కాబట్టి 2019లో ఇక్కడి ధల్‌భూమ్‌గఢ్‌లో విమానాశ్రయానికి పాతిన శంకుస్థాపన రాయి ఇక ఎగురుతుందని మా తెలుగువాళ్లే చంకలు గుద్దుకున్నారు.

అదే బడ్జెట్‌లో 'పూర్వోదయ' అని ఆంధ్రానీ ఝార్ఖండ్‌నీ ఒకే తాటికి కట్టారు. ఎవడైనా చదివాడా? మా ఓటు పడే సింహభూమ్ సీటు గెలిచింది ఝార్ఖండ్ ముక్తి మోర్చా జోబా మాఝీ. అంటే ఢిల్లీ సర్కారులో మేం లేనే లేం. స్థానికుడివని రుజువుగా 1932 నాటి భూమి రికార్డు, ఖతియాన్, అడిగిన రోజు మా తాత టాటా కొలిమి దగ్గర కార్చిన చెమట ఎవరికీ గుర్తురాదు, మేం బయటివాళ్లం. నింద మొయ్యాల్సొస్తే మాత్రం ఢిల్లీ గద్దెకి నాలుగో కోడు మేమే! ఒళ్లు మండదా?

ఖర్కాయి నది అవతల లారీల తయారీ రెండ్రోజులు ఆగితే ఇవతల షెడ్లలో రావుకీ మహతోకీ సింగుకీ కూలి ఒక్కసారే పోతుంది. అప్పుడు సేఠ్ ఎవడి రాష్ట్రమని అడగడు, గేటు మూస్తాడు, అంతే. కేంద్రాన్ని ఝార్ఖండ్ అడుగుతున్న 1,36,000 కోట్ల బొగ్గు బకాయి గురించి ఆ కొట్టు దగ్గర ఒక్క నోరూ లేవదేం? బొగ్గు మంత్రి కూడా తెలుగువాడేగా, కనీసం అందుకైనా నన్ను తిట్టొచ్చు!

ఆ మర్నాడు మళ్లీ టీకి వెళ్లాను. ఇరవై ఇమ్మన్నాడు. పదేగా అంటే ఖాతా పుస్తకం తిప్పి చూపించాడు. ముందురోజు తారీఖు కింద 'ఆంధ్రా సర్కార్, 10' అని రాసుంది.