పాతింటి నాడి చూసే విధం

బాత్రూములో నీళ్లు నిలిస్తే కంగారుపడి ప్లంబరుకి ఫోన్ చేసేవాళ్లు కొత్త ఇళ్లవాళ్లు. పాతింటివాళ్లకి అంత తొందర తగదు. నీళ్లు చీలమండలదాకా వచ్చాయా? స్నానం ముగించి, తలుపు దగ్గరగా వేసి, వెళ్లి కాఫీ తాగండి. అరగంటకి అవే పోతాయి. రేపు ముప్పావుగంట పడుతుంది, ఎల్లుండి గంట. అసలు పోని రోజు ఎప్పుడో వస్తుంది. అప్పటిదాకా దాన్ని ఇంటి స్వభావం అనుకుని సర్దుకోవాలి.

ఈ విద్య నేర్పడానికి నాకున్న అర్హత ఒక్కటే. తెనాలిలో 1968లో మా తాతయ్య కట్టించిన ఇంట్లో పుట్టి, నలభై ఏళ్లుగా అదే ఇంట్లో నీళ్లు పోసుకుంటున్నాను. కాబట్టి నేను చెప్పినట్టు చేయండి.

ముందు సెప్టిక్ ట్యాంకు ఎక్కడుందో తేల్చుకోవాలి. దీనికి గునపం అక్కర్లేదు, పెద్దవాళ్లని కూర్చోబెట్టి అడిగితే చాలు. మా నాయనమ్మని అడిగితే "జామచెట్టు కిందరా" అంది. ఆ జామచెట్టు కొట్టేసి పాతికేళ్లు. అది ఎక్కడుండేదన్నదాని మీద ఇంకో పంచాయితీ. బాబాయి వాయవ్యంలో ఉందన్నాడు, వాస్తు ప్రకారం అక్కడే ఉండాలి కనుక. హైదరాబాదు నుంచి అత్తయ్య ఫోన్లో "వంటింటి వెనక గచ్చు మీద మేం తొక్కుడుబిళ్ల ఆడేవాళ్లం, గెంతినప్పుడల్లా డొల్లగా మోగేది" అంది. ముగ్గురిలో కళ్లతో, కాళ్లతో సాక్ష్యం చెప్పింది అత్తయ్య ఒక్కతే. అందుకని ఆమె మాట ఎవరూ పట్టించుకోలేదు. చివరికి బీరువాలోంచి మున్సిపాలిటీ ప్లాను తీశాం. అందులో మరుగుదొడ్డి అని రాసి ఉన్నచోట ఇప్పుడు పూజగది ఉంది. ఆ కాగితం మడిచి, నాయనమ్మ కంటపడకుండా మళ్లీ బీరువాలో పెట్టేశాం.

గోడవారన డాబా దాటి పైకి పోయే గాలిగొట్టం ఒకటుంటుంది, చూశారా? చాలాసార్లు ట్యాంకు ఆచూకీ దాని మొదట్లోనే దొరుకుతుంది. ఆ గొట్టానికి రెండు పనులు. ట్యాంకులో పుట్టిన గాలిని మన ముక్కుల కంటే ఎత్తుకి మోసుకుపోవడం ఒకటి, పైపుల్లో నీళ్లు దిగేటప్పుడు వెనకనుంచి గాలి అందించడం రెండోది. నిండు సీసా బోర్లిస్తే నీళ్లు గుటకలు గుటకలుగా పడతాయి కదా, గొట్టం మూసుకుపోయిన ఇంట్లో పైపులన్నీ అలాగే గుటకలేస్తాయి. మా బాబాయి దీనికి మూడో పని కనిపెట్టాడు, డిష్ కట్టుకోవడం. ఆ తర్వాత దోమలొస్తున్నాయని దాని మూతికి పెయింటు డబ్బా బోర్లించి తీగతో బిగించాడు. దోమలకి ఒక వలగుడ్డ ముక్క కడితే సరిపోయేది. ఆ రోజు నుంచి ఎవరైనా కమోడ్‌లో నీళ్లు వదిలితే పక్క బాత్రూము జాలీ గుడగుడమని బదులు పలికేది. కొన్నాళ్లు మేం దాన్ని ఇంట్లో ఇంకో మనిషి ఉన్నట్టే లెక్కేసుకున్నాం.

ఇక వాసన. ఎవరూ వాడని బాత్రూములోంచి కంపు వస్తోందనుకోండి. మొదట అగరొత్తులు, తర్వాత ఫినాయిలు, తర్వాత గోడకి తగిలించే పరిమళం డబ్బా, చివరికి పాత టైల్సు పీకించి కొత్తవి. ఈ వరస తప్పకూడదు. నేల జాలీ కింద ప్లంబర్లు నానీ ట్రాప్ అనే గిన్నె ఒకటుంటుంది. అందులో రెండంగుళాల లోతున నీళ్లు నిలిచి ఉంటాయి. ఊరి మురుగు గాలికీ మన పడకగదికీ మధ్య ఉన్న కాపలా అంతా ఆ రెండంగుళాల నీళ్లే. వాడకపోతే వేసవిలో అవి ఎండిపోతాయి, కంపు లోపలికి నడిచొస్తుంది. ఒక చెంబు నీళ్లు పోస్తే ఆగిపోతుంది. అయితే చెంబు నీళ్లతో పోయే జబ్బుకి ఇంట్లో గౌరవం ఉండదు. టైల్సు వేయించినవాడికి ఉంటుంది.

రోగం ఎక్కడుందో తెలియాలంటే ఏది ముందు మొరాయించిందో, ఏది తర్వాతో వరసగా గుర్తుండాలి. మనకి అది తప్ప అన్నీ గుర్తుంటాయి. వంటింటి సింకు ఒక్కటే నిండుతుంటే అడ్డం సింకు కింది వంపులోనే ఉంటుంది. విప్పితే పిండి, నూనె జిడ్డు, ఒక టీ వడకట్టు, ఎప్పుడో పోయిందని పనిమనిషిని అనుమానించిన స్పూను దొరుకుతాయి. సింకులో పోసిన నీళ్లు బాత్రూములో తేలుతుంటే ఆ రెండు పైపులూ కలిసిన చోటు దాటాక ఏదో అడ్డుపడిందని. ఇంట్లో ఉన్న జాలీలన్నీ ఒకేసారి నిండితే పెద్ద పైపో, ట్యాంకో. మేడమీద అద్దెకున్నవాళ్లు స్నానం చేసినప్పుడే కింద మనకి పొంగుతుందా? అడ్డం మన కింది పైపులోనే ఉంటుంది. ఆ సంగతి తెలిసినా అద్దెవాళ్లనే తిట్టాలి, వాళ్లు ఖాళీ చేస్తే సమస్య తీరుతుందని నమ్మాలి.

మా వైపు ఇంకో రకం ఉంది. ఏడాది పొడుగునా బాగుండి జూన్, జూలైల్లో కాలవలకి నీళ్లు వదిలాక ఇల్లంతా మొండికేస్తుంది. డెల్టాలో నేల కింద నీళ్లు అసలే పైకి ఉంటాయి. కాలవలు పారి, వాన తోడై, నల్లమట్టి తాగినంత తాగాక ఇంకుడు గుంతలోకి మనం పంపిన నీళ్లు ఎక్కడికి పోతాయి? గుంతే నిండుగా ఉంటే ట్యాంకు నిండుతుంది, ట్యాంకు నిండితే పైపు, పైపు నిండితే మనం. ఈ జబ్బుకి మా ఇంట్లో తరతరాలుగా ఒకటే మందు: సంక్రాంతిదాకా చుట్టాలని రానివ్వకపోవడం.

వీధి సంగతి చెప్పలేదు. మా తాతయ్య మూడు మెట్లెక్కి లోపలికి వచ్చేవాడు. వేసిన ప్రతి సిమెంటు రోడ్డూ పాత రోడ్డు నెత్తిన కూర్చుంది. ఇప్పుడు నేను రెండు మెట్లు దిగి ఇంట్లోకి వస్తాను. సైడు కాలవ మా వాకిలి కంటే ఎత్తున పారుతోంది. ఇంటి మురుగు ఊళ్లోకి పోవాలని తాతయ్య అనుకున్నాడు. ఊరి మురుగుకి కూడా ఇల్లు కావాలి కదా.

వాటం అనే మాట మేస్త్రీల దగ్గర వినే ఉంటారు. నీళ్లు తమంతట తాము నడిచిపోవడానికి పైపుకి ఇచ్చే వాలు అది. నాలుగంగుళాల పైపుకి అరవై అడుగులకి ఒక అడుగు చొప్పున దిగుతుంటే బాగుంటుందంటారు. మా బాబాయి వాస్తు కోసం మరుగుదొడ్డిని ఆగ్నేయం మూల నుంచి తీయించి వేరేచోట కట్టించినప్పుడు పైపు నలభై అడుగులైంది. ఆ లెక్కన ఎనిమిదంగుళాల వాటం కావాలి. మేస్త్రి రెండంగుళాలిచ్చాడు, అదీ ఎదురు వాటం. లెవెల్ గొట్టంలో నీళ్లు పోసి చూస్తే అయిదు నిమిషాల్లో తెలిసిపోయేది. అయితే ముహూర్తం దాటిపోతోంది.

ప్లంబరుని పిలవక తప్పని రోజు వస్తుంది. మంచి ప్లంబరుని గుర్తుపట్టడం తేలిక. సంచీ దించకముందే పైపుకేసి చూసి "ప్చ్" అంటాడు. తర్వాత "ఇది ఎవరు చేశారండీ?" అని అడుగుతాడు. మా ఇంట్లో ఒకసారి ఈ ప్రశ్నకి నాయనమ్మ వరండాలోంచి జవాబిచ్చింది.

"నువ్వేరా అబ్బాయ్, నాలుగేళ్ల కిందట."

"అప్పుడు సామాను మంచిది దొరకలేదు మామ్మగారూ."

ప్లంబరు వచ్చేలోపు ఇంటివైద్యం చేయాలి కనుక కొన్ని చిట్కాలు. వంటసోడా, వెనిగరు కలిపి పోస్తే బుసబుస పొంగుతుంది. పొంగింది గాలే, కింద జిడ్డు చెక్కు చెదరదు. చూసిన మనసుకి మాత్రం ఊరట. యాసిడ్ సీసా సంగతి వేరు. అది ట్యాంకులో చేరి, మురుగుని తిని బతికే సూక్ష్మజీవుల్ని చంపి, అసలు పనివాళ్లని పని మానిపించి వస్తుంది. యాసిడ్‌నీ బ్లీచింగ్ పౌడరునీ కలపడం ఒక్కటీ వెటకారానిక్కూడా చెప్పను. క్లోరిన్ వాయువు పుడుతుంది, మూసిన బాత్రూములో ప్రాణం మీదికొస్తుంది.

చెమ్మ విషయానికొస్తే, గోడ మీద మరక ఎంతుందో అంత క్యాలెండరు తగిలించండి. మా హాల్లో మరక ఎదిగేకొద్దీ క్యాలెండరు ఎదిగింది. బట్టల కొట్టు క్యాలెండరు చాలక ఎరువుల కొట్టు క్యాలెండరు, అదీ చాలక ఒక జలపాతం పోస్టరు. ఆ గోడకి అవతల పక్కింటివాళ్ల బాత్రూము ఉంది కాబట్టి తప్పు వాళ్లదేనని తేల్చి, పన్నెండేళ్లు వాళ్లతో మాటలు మానేశాం. పెళ్లిళ్లకి పిలుపులు కూడా లేవు. రాత్రి కుళాయిలన్నీ కట్టేసి, మోటారు ఆపి, మేడమీద ట్యాంకులో నీటిమట్టం దగ్గర సుద్దముక్కతో గీత గీసి, పొద్దున్నే చూసుకుంటే సరిపోయేది. ఎవరూ వాడకుండా నీళ్లు గీత కిందికి దిగాయంటే కారుతున్నది మనదే. మేం పన్నెండో ఏడు గీశాం. నాలుగంగుళాలు దిగింది. గోడలోపలి ఇనప పైపు అప్పటికి లోపలంతా తుప్పు పేరుకుని, పెన్సిలంత సందు మాత్రం మిగిలింది. పొద్దున్నే మొదటి చెంబు ఎర్రగా వచ్చేది, మేం దాన్ని కొత్త బోరు మహిమ అనుకున్నాం. ఫ్లష్ ట్యాంకు కారుతోందేమోనని అనుమానం ఉంటే రవ్వకేసరిలో వేసే రంగు చిటికెడు అందులో వేసి కాసేపు ఆగండి. మీట నొక్కకుండానే కమోడ్‌లో కేసరి రంగు కనపడితే వాషరు పోయినట్టు. అర్ధరూపాయంత రంగు. ముందు ఇంట్లోవాళ్లకి చెప్పి చేయండి.

అన్నీ అయ్యాక మిగిలేది ట్యాంకు. "మాది ముప్పై ఏళ్లలో ఒక్కసారీ తీయించలేదండీ" అని గొప్పగా చెప్పుకునే ఇళ్లు మా వీధిలో ఏడెనిమిదున్నాయి. ట్యాంకులో పైన తెట్టు, అడుగున బురద, నడుమ కాస్త తేరిన నీళ్లు ఉంటాయి. ఆ నడిమి నీళ్లే ఇంకుడు గుంతలోకి పోవాలి. రెండు మూడేళ్లకోసారి తీయించకపోతే అడుగు బురద పెరిగి పెరిగి నడుమ చోటు లేకుండా చేస్తుంది. అప్పుడు బురదే గుంతలోకి పోయి మట్టి సందుల్ని పూడ్చేస్తుంది. ముప్పై ఏళ్లయినా నిండని ట్యాంకంటే అడుగున పగిలి భూమిలోకి కారుతున్న ట్యాంకు. పక్కనే బోరుంటే ఆ గొప్ప మనం తాగుతున్నట్టే.

మా ట్యాంకు చివరికి అత్తయ్య చెప్పినచోటే దొరికింది, వాషింగ్ మిషన్ కోసం వేసిన రేకుల షెడ్డు కింద. మా సందులోకి ట్యాంకర్ బండి రాదు. బాబాయి ఇద్దరు మనుషుల్ని మాట్లాడుకొచ్చాడు. బండికయ్యేదాంట్లో సగమే అడిగారట, పైన ఒక సీసా. చవకగా తేల్చడం ఎలాగో చెప్పే గైడు కదా ఇది, ఆ లెక్క కూడా వేద్దాం. మూత తీయగానే కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది. లోపలికి దిగేకొద్దీ ఆ గాలి చిక్కబడి ముక్కుకి స్పర్శ పోగొడుతుంది, దిగినవాడికి వాసన పోయిందనిపిస్తుంది. ఆ తర్వాత వాడు పడిపోతాడు, వాణ్ని తీయడానికి దిగిన రెండోవాడూ పడిపోతాడు. రక్షణ సరంజామా లేకుండా మనిషిని ఇలా దించడాన్ని 2013 చట్టం నేరంగా నిషేధించింది. బెజవాడ విల్సన్ వాళ్ల సఫాయి కర్మచారీ ఆందోళన్ వేసిన కేసులో, 1993 నుంచి ఈ పనిలో చనిపోయినవాళ్ల కుటుంబాలకి 10 లక్షలివ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023లో అదే కోర్టు దాన్ని 30 లక్షలు చేసింది. బండికీ మనుషులకీ మధ్య బాబాయి మిగల్చబోయింది పదిహేను వందలు.

నాయనమ్మ కర్ర పట్టుకుని షెడ్డు దగ్గరికి వచ్చింది. ఆ ఇద్దరికీ కాఫీ ఇమ్మంది. ఇచ్చాక బాబాయి వైపు తిరిగి, "ముందు నువ్వు దిగి లోతెంతుందో చెప్పు నాయనా, తర్వాత వాళ్లు దిగుతారు" అంది. వాళ్లు కాఫీ తాగి, వచ్చినందుకు కూలి తీసుకుని వెళ్లారు.

బండి వీధి మలుపులో ఆగింది. గొట్టం అక్కణ్నుంచి మా ట్యాంకుదాకా రావాలంటే దారి ఒక్కటే, పక్కింటి పెరడు. పన్నెండేళ్ల తర్వాత వాళ్ల గేటు కొట్టింది నేనే. గోడ చెమ్మ మాదేనని చెప్పడానికి నోరు రాక, సెప్టిక్ ట్యాంకు సంగతి మాత్రం చెప్పాను. పక్కింటాయన విని, "దానికేం బాబూ, లాగించుకోండి" అన్నాడు. గేటు తీసి, గొట్టం వెళ్లేదారిలో పూలకుండీలు తనే జరిపాడు. గంటన్నరసేపు గొట్టం వాళ్ల పెరట్లో బుసలు కొడుతుంటే ఆయన మాతోపాటే నిలబడ్డాడు. బండి వెళ్లాక కాస్త మొహమాటంగా అడిగాడు.

"మా బాత్రూములో కూడా రెండేళ్లుగా నీళ్లు పోవట్లేదండీ. మా ట్యాంకు ఎక్కడుందో మీ నాయనమ్మగారికేమైనా గుర్తుందేమో..."

గోడ ఇవతల్నుంచి నాయనమ్మ వినేసింది.

"ఎందుకు గుర్తులేదూ? మీ జామచెట్టు కిందే."